‘కోల్డ్ ఫీట్’ని తెలుగులో ఏమంటారు?

ప్రశ్న ఇదీ: రేపు ముహూర్తమనగా పెళ్లికూతురికి పట్టుకునే చివరి నిమిషపు సందేహాన్ని ఇంగ్లిష్‌లో ‘కోల్డ్ ఫీట్’ అంటారు, తెలుగు కథలో ‘కాళ్లు చల్లబడ్డాయి’ అని రాయొచ్చా?

రాయకండి. కాళ్లూ చేతులూ చల్లబడ్డాయంటే మన చెవికి వినిపించేది మంచం పట్టిన మనిషో, పిడుగులాంటి కబురు విన్న మనిషో. ‘ఆమె చల్లబడింది’ అని కుదిస్తే మరీ ఘోరం, కోపం తగ్గిందని అర్థం వస్తుంది. ‘కడుపులో సీతాకోకచిలుకలు’ కూడా ఈమధ్య కనిపిస్తోంది గానీ, అది ఇంగ్లిష్ తెలిసిన పాఠకుడికే అందుతుంది. అదీ ప్రేమ సన్నివేశమేమో అనుకుంటాడు.

తెలుగులో ఈ భావానికి ఒకే నామవాచకం వెతికితే దొరకదు. చేయాల్సిన పని ఏమిటో చూసి, దాన్ని చేసే అవయవాన్ని పట్టుకుంటే మాట తనంతట తనే వస్తుంది. అడగాల్సి ఉంటే నోరు రాలేదు, సంతకం పెట్టాల్సి ఉంటే చెయ్యి రాలేదు, వెళ్లాల్సి ఉంటే అడుగు పడలేదు, ఒప్పుకోవాల్సి ఉంటే మనసు రాలేదు. కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. ‘నోరు రాలేదు’, ‘మనసు రాలేదు’ అన్నప్పుడు వెనక ఉండేది భయం కన్నా జాలి, మొహమాటం, మమకారం. ‘వాళ్ల పరిస్థితి చూశాక బాకీ అడగడానికి నోరు రాలేదు’ అంటాం. అచ్చంగా భయమే అయితే ‘గొంతు పెగల్లేదు’ అనాలి. కాళ్లకూ అంతే: ‘వదిలి వెళ్లడానికి కాళ్లు రాలేదు’ మమకారం, ‘గుమ్మం దాటి అడుగు పడలేదు’ జంకు.

ఈ పలుకుబళ్లు వ్యతిరేకార్థంలోనే పనిచేస్తాయి. ‘రాలేదు’ని ‘వచ్చింది’గా మారిస్తే ధైర్యం వచ్చినట్టు కాదు. ‘నోరొచ్చింది’ అంటే ఎదురు మాట్లాడటం నేర్చిందని. ‘అంత మాట అనడానికి నోరెలా వచ్చింది?’, ‘పసిపిల్లను కొట్టడానికి చేతులెలా వచ్చాయి?’ అంటే నిలదీయడమే. మీ పెళ్లికూతురు చివరికి ధైర్యం చేసిందని చెప్పాలంటే ‘గుండె రాయి చేసుకుంది’ అనో, ‘తెగించింది’ అనో వేరే దారి పట్టాలి.

ఇక ఎటూ తేల్చుకోలేకపోవడం సంగతి. మాటను ఎంతసేపటి సందేహమో చూసి ఎంచుకోవాలి. తలుపు తట్టాలా వద్దా అని నిమిషాల్లో తేలేది తటపటాయింపు. దీని ముందు ‘...లా వద్దా అని’ పెడితే వాక్యం బాగా కూర్చుంటుంది: ‘చెప్పాలా వద్దా అని తటపటాయించింది’. రోజుల తరబడి సాగితే ఊగిసలాట. ఇంకా సాగదీస్తే మీనమేషాలు లెక్కపెట్టడం. మీనం చివరి రాశి, మేషం మొదటిది. మంచి ఘడియ కోసం లెక్కలు వేస్తూ కూర్చున్నారని ఎత్తిపొడుపు. అందుకే ప్రభుత్వాలనీ అధికారులనీ అనడానికి బాగుంటుంది గానీ, భయపడుతున్న అమ్మాయి మనసులోంచి చెప్పడానికి అస్సలు అతకదు. ‘ముందు నుయ్యి వెనక గొయ్యి’ని కూడా ఇక్కడ వాడేస్తుంటారు. అక్కడ రెండు దారులూ నిజంగానే ప్రమాదం. ఉత్త బెదురుకి అది చాలా బరువు. ‘గోడ మీద పిల్లి’ అయితే సందేహమే కాదు, లాభం ఎటుంటే అటు దూకుదామన్న ఎత్తుగడ.

బెరుకు, జంకు, గుబులు ఒకదాని బదులు ఒకటి పెట్టేయకూడదు. బెరుకు కొత్తదనం వల్ల వచ్చేది, నాలుగు రోజుల్లో పోతుంది. జంకు ఎదుటి మనిషిని చూసో, పర్యవసానం తలచుకునో. గుబులుకి కారణం ఫలానా అని చెప్పలేం, ముహూర్తం దగ్గరపడే కొద్దీ లోపల పెరిగేది అదే. మీ సన్నివేశానికి నేనైతే రాత్రంతా గుబులు, తెల్లవారాక పీటల మీదికి అడుగు పడకపోవడం రాస్తాను. ‘కాళ్లూ చేతులూ ఆడటం లేదు’ అనేది పెళ్లికూతురి కన్నా ఆమె తల్లికే నప్పుతుంది, ఎందుకంటే అది చేయాల్సిన పని తోచని కంగారు, నిర్ణయం మీద అనుమానం కాదు. ‘గుండెల్లో రైళ్లు పరిగెత్తడం’ దొరికిపోతామన్న భయానికి ఉంచుకోండి.

పెళ్లి ఆపేసిందే అనుకోండి. అప్పుడు చెప్పేవారెవరన్నది ముఖ్యం. ‘వెనక్కి తగ్గింది’ ఎవరైనా అనొచ్చు. ‘వెనుకంజ వేసింది’ పత్రికల భాష. ‘పీచేముడ్ అంది’ వెక్కిరింపు, కవాతులో వెనక్కి తిరగమనే హిందీ ఆజ్ఞ నుంచి వచ్చింది. ‘హ్యాండిచ్చింది’ అనేది మోసపోయామనుకునే మగపెళ్లివారి మాట. ‘చేతులెత్తేసింది’ వద్దు, అది చేతకాక వదిలేయడం. ‘వెనకాడింది’ తప్పు కాదు గానీ, ఆ క్రియ ‘దేనికైనా వెనకాడడు’ లాంటి వాక్యాల్లోనే ఎక్కువ జీవంతో ఉంటుంది.

కథ తెలంగాణలో జరిగితే గుబులు కన్నా బుగులు దగ్గరి మాట, కాకపోతే అది సూటిగా భయమే. ‘నాకు బుగులైతుంది’ అని అమ్మాయి చేత అనిపించండి. తటపటాయింపు అక్కడి సంభాషణలో పుస్తకాల మాటలా ఉంటుంది. ‘ఎందుకు గింత ఎనకముందాడుతున్నవ్?’ అని అక్కో చిన్నమ్మో అడిగితే సహజంగా ఉంటుంది.