గంతలు కట్టుకున్న ఆశ

ప్రశ్న: తాతగారి ట్రంకు పెట్టె సర్దుతుంటే ఒక పాత ప్రింటు దొరికింది. గోళం మీద ఒకావిడ కళ్లకు గంతలు కట్టుకుని, ముడుచుకుని కూర్చుంది, చేతిలో తీగలు తెగిన వాద్యం. కింద ఇంగ్లీషులో 'హోప్', వాట్స్ అని ఉంది. హాల్లో పెడదామంటే మా అత్తగారు "ఏడుపుగొట్టు బొమ్మ, ఇంట్లో వద్దు" అంటున్నారు. నిజం చెప్పాలంటే నాకూ ఇందులో ఆశేమీ కనిపించలేదు. అసలు దీన్ని ఎలా చూడాలి?
- ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: ముందు మీ అత్తగారిని ఏమీ అనకండి. ఆవిడ మాటే ఇంగ్లండులో పెద్ద రచయిత ఒకాయన కూడా అన్నాడు. చెస్టర్టన్ 1904లో, ఈ చిత్రకారుడు వాట్స్ గురించి రాసిన పుస్తకంలో, పేరు తెలియకుండా ఈ బొమ్మ చూసినవాడికి ముందు 'నిరాశ' అనే తోస్తుందన్నాడు.

లంగరు గుర్తు మన ఊరివాళ్లకు కొత్త కాదు, నేవీ వాళ్ల గేట్ల మీద, టోపీల మీద చూస్తూనే ఉంటాం. యూరప్ చిత్రకారులు ఆశను మనిషిగా వెయ్యాలంటే పక్కన ఆ లంగరే పెట్టేవారు, ఆశ ఆత్మకు లంగరు అని బైబిల్లో ఉంది కాబట్టి. చూడగానే తెలిసిపోతుంది, ఇక రెండోసారి చూడబుద్ధి కాదు. జార్జ్ ఫ్రెడరిక్ వాట్స్ 1886లో ఆ లంగరు తీసేసి, లైర్ అనే పాత గ్రీకు తీగల వాద్యం ఆమె చేతికిచ్చాడు. అందులో ఒక్క తీగే మిగిలింది. దాని మీద పలికే ఆ కాస్త చప్పుడులోంచే వీలైనంత సంగీతం రాబట్టాలని ఆమె చెవి పెట్టి వింటోందని వాట్సే ఒక ఉత్తరంలో రాశాడు.

అందుకని ముఖం వదిలేసి మెడ చూడండి. తల ఎంతగా వంచిందో, చెవి వాద్యానికి ఎంత దగ్గరగా ఉందో చూడండి. మీకు ఏడుపులా కనిపించిందే, అది వినడానికి వంగడం! ఫిషింగ్ హార్బర్‌లో బోటు ఇంజన్‌లో తేడా చప్పుడు వస్తే మెకానిక్ ఎలా చెవి పడేసి వింటాడు, ఆ కాసేపు అతనికి కళ్లు ఉన్నా లేనట్టే కదా. నా మటుకు నాకు ఆ గంతల అర్థం అంతే. వాట్స్ నాన్న పియానోలు చేసేవాడు, పెద్దగా డబ్బులేని మనిషి. కొడుకు 1817 ఫిబ్రవరి 23న, సంగీతకారుడు హ్యాండెల్ పుట్టినరోజు నాడే పుట్టాడని ఆయన పేరే పెట్టాడు. అలాంటి ఇంట్లో పెరిగినవాడికి తెగిన తీగంటే ఏమిటో ఒకరు చెప్పాలా?

మీది నలుపు తెలుపు ప్రింటైతే అసలు సంగతి ఒకటి మిస్సవుతున్నారు, రంగు. ముసురు పట్టి డాల్ఫిన్స్ నోస్ కొండ కూడా కనబడని పొద్దున సముద్రం, ఆకాశం కలిసిపోయి ఉంటాయే, దాదాపు ఆ నీలం. ఇంటర్నెట్‌లో ఒకసారి చూడండి.

వాట్స్ వేసినవన్నీ ఇంత బాగుంటాయని మాత్రం అనను. ధనపిశాచి మీద 1885లో వేసిన 'మామన్'లో ఒళ్లో డబ్బు సంచులు, కాళ్ల కింద నలిగే మనుషులు, బొమ్మ కాదది ఉపన్యాసం. మనిషి మాత్రం మాట మీద నిలబడే రకం. ముఖ్యమైన బొమ్మలన్నీ దేశానికిస్తానన్నాడు కాబట్టి 'హోప్' రెండోసారి వేసి, మొదటిది అమ్మి, రెండోది ఇచ్చేశాడు, ఇప్పుడది లండన్‌లోని టేట్ మ్యూజియంలో ఉంది. బారొనెట్ బిరుదు ఇస్తామంటే రెండుసార్లు వద్దన్నాడు కూడా.

హాల్లో పెట్టుకోండి. కాకపోతే బీచ్ వైపు కిటికీకి ఎదురుగా వద్దు, ఎండకు వెలుస్తుంది, ఉప్పు గాలికి చెమ్మెక్కి కాగితం మీద గోధుమరంగు మచ్చలు వస్తాయి. ఫ్రేము కట్టేవాడు అట్టకు గమ్‌తో అంటించేస్తానంటే ఒప్పుకోకండి, అద్దానికీ కాగితానికీ మధ్య కాస్త ఖాళీ వదలమనండి.