12400ఎఫ్‌కు 4070 జోడీ కుదురుతుందా? ముందు మీ మానిటర్ సంగతి చెప్పండి

ఐ5 12400ఎఫ్ ప్రాసెసర్‌తో ఆర్‌టీఎక్స్ 4070 గ్రాఫిక్స్ కార్డు పెడితే ప్రాసెసర్ అడ్డుపడి కార్డు వృథా అవుతుందా అని అడిగారు. మానిటర్ ఏదో చెప్పకుండా అడిగే ఈ ప్రశ్నకు ఎవరు జవాబిచ్చినా అది సోది చెప్పడమే అవుతుంది.

ఈ సంగతిని నేను 2021లో బెంగళూరులో కంప్యూటర్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డులో డబ్బు పోసి నేర్చుకున్నాను. క్రిప్టో మైనింగ్ పుణ్యమా అని కార్డుల ధరలు మండిపోతున్న ఆ రోజుల్లో, "గేమ్స్‌కు కార్డే ముఖ్యం సార్, ప్రాసెసర్ ఏదైనా నడుస్తుంది" అని ఒక దుకాణదారు నమ్మబలికితే, ఆర్‌టీఎక్స్ 3070ని నాలుగు కోర్ల ఐ3 10100ఎఫ్‌తో జతచేసి, ఇంట్లో ఉన్న పాత 1080పీ (1920×1080 పిక్సెళ్ళ) మానిటర్‌కు తగిలించాను. సైబర్‌పంక్ 2077 గేమ్‌లో ఊరి బయట కారు హాయిగా సాగేది. జనం కిక్కిరిసిన బజారులో అడుగు పెట్టగానే బొమ్మ కుదుపులతో ఆగి ఆగి కదిలేది. తప్పు కార్డుదే అనుకుని దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌ను, అంటే డ్రైవర్లను, మూడుసార్లు తీసి మళ్ళీ వేశాను. చివరకు వాడకం అంకెలు తెర మూలన కనిపించేలా పెట్టుకుంటే, ప్రాసెసర్ నూరు శాతం దగ్గర ఆయాసపడుతోంది, కార్డుకేమో సగం పని కూడా లేదు. రిజల్యూషన్ (బొమ్మలోని పిక్సెళ్ళ సంఖ్య) తగ్గించినా సెకనుకు వచ్చే బొమ్మల్లో, అంటే ఫ్రేమ్‌లలో, ఒక్కటి కూడా పెరగలేదు. ఎలా పెరుగుతుంది? పిక్సెళ్ళను నింపేది కార్డు. బజారులోని ప్రతి మనిషీ ఎటు నడవాలో లెక్కకట్టి, ఏమేమి గీయాలో కార్డుకు పురమాయించేది ప్రాసెసర్. ఆ పని రిజల్యూషన్‌తో తగ్గదు. సెట్టింగుల్లో క్రౌడ్ డెన్సిటీ (జనం రద్దీ) తగ్గించాకే కొంత ఊపిరాడింది. తర్వాత అదే బోర్డులో పట్టే ఎనిమిది కోర్ల ఐ7 10700ఎఫ్‌ను సెకండ్‌హ్యాండ్‌లో కొని వేశాక గానీ ఆ బజారులో సుఖంగా తిరగలేకపోయాను.

ప్రాసెసర్, కార్డు పేర్లు ఇస్తే "బాటిల్‌నెక్ (ఒకటి మరొకదానికి అడ్డుపడటం) ఇంత శాతం" అని తేల్చే ఆన్‌లైన్ కాలిక్యులేటర్లను మాత్రం నమ్మకండి. ఒకే జోడీ ఒక గేమ్‌లో ప్రాసెసర్ దగ్గర, మరో గేమ్‌లో కార్డు దగ్గర ఆగుతుంటే ఆ శాతానికి అర్థమేమిటి?

మీది 1440పీ (2560×1440 పిక్సెళ్ళ) మానిటర్ అయితే, పిక్సెళ్ళు ఎక్కువై బరువు చాలావరకు కార్డు మీదే పడుతుంది కాబట్టి, 12400ఎఫ్, 4070 జోడీని నిశ్చింతగా తీసుకోండి. అలా కాక 1080పీలో వాలరెంట్ లాంటి గేమ్‌ను 240 హెర్ట్జ్ మీద, అంటే సెకనుకు 240 ఫ్రేమ్‌లతో, ఆడాలన్నదే మీ కోరిక అయితే, ఒక్కో ఫ్రేమ్‌కు దాదాపు 4.2 మిల్లీసెకన్లే దొరుకుతాయి కాబట్టి, కార్డు విషయంలో చిన్నదైన ఆర్‌టీఎక్స్ 4060తో సరిపెట్టుకుని మిగిలిన డబ్బును ఇంకా మంచి ప్రాసెసర్‌కు మళ్ళించడమే నయం. ర్యామ్ కూడా 16 జీబీ ఒకే స్టిక్‌గా కాక, 8 జీబీవి రెండుగా తీసుకోండి; రెండు స్టిక్‌లుంటే ప్రాసెసర్‌కు డేటా వేగంగా అందుతుంది. ఆ దుకాణదారు నాకు అంటగట్టింది ఒక్క స్టిక్కే.