కువైట్ వెళ్లాలా వద్దా: దేవుని నడిపింపు గురించి సమాధానం

సహోదరునికి వందనములు. కువైట్‌లో డ్రైవరు ఉద్యోగానికి పిలుపు వచ్చిందనీ, ఎంత ప్రార్థించినా వెళ్లమనో వద్దనో దేవుడు స్పష్టంగా చెప్పడం లేదనీ వ్రాశారు.

అబ్రాహాము హారాను అనే ఊరిని విడిచినప్పుడు అతని వయస్సు 75 ఏళ్లు. ఆదికాండము 12వ అధ్యాయంలో అతనికి వచ్చిన పిలుపులో ‘నేను నీకు చూపించు దేశము’ అని ఉందే తప్ప ఆ దేశం పేరైనా లేదు. ‘ఈ దేశమును నీ సంతానమునకిచ్చెదను’ అన్న మాట అతడు షెకెము చేరిన తరువాతనే వినబడింది. అంతేకాక, కరవు వచ్చి ఐగుప్తుకు వెళ్లి, భయంతో భార్యను చెల్లెలని చెప్పించినప్పుడు కూడా దేవుడు అతనిని విడిచిపెట్టలేదు (మన ప్రసంగాలలో ఈ భాగం ఎందుకో త్వరగా దాటిపోతుంది). ‘నీ వాక్యము నా పాదములకు దీపము’ అని చెప్పే 119వ కీర్తనలోని దీపం కూడా పాదాలకే. చేతిలోని నూనె దీపం రెండడుగుల నేలను చూపుతుంది గాని ఊరి పొలిమేరను చూపదు.

కాబట్టి సూచన కోసం ఆగకుండా, ముందున్న అడుగు వేయండి. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో విదేశీ ఉద్యోగాలకు వెళ్లేవారి కోసం భారత ప్రభుత్వం నడిపే ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూసుకోండి. జీతం, పని గంటలు వ్రాసిన ఒప్పంద పత్రం చదవకుండా డబ్బు కట్టకండి. అప్పు ఎంత చేయవలసి వస్తుందో మీ భార్యతో కూర్చుని లెక్క వేయండి. ఆమె భయాన్ని అవిశ్వాసమని కొట్టివేయవద్దు.