పాత కారు మోజు, పచ్చదనం మీద ప్రేమ.. రెండూ ఒకే మనిషికి ఉండొచ్చా?

ప్రశ్న అడిగినవారు కాస్త వెటకారంగానే అడిగారు, "పల్లెలో ఉంటాం, చెట్లంటే ప్రాణం అంటారు, మళ్ళీ 30 ఏళ్ళు దాటిన పొగబండి వేసుకుని తిరుగుతారు, మిమ్మల్ని మీరే మోసం చేసుకోవడం కాదా ఇది" అని. వెటకారం సంగతి పక్కనపెడితే ప్రశ్నలో న్యాయం ఉంది. నాది కార్బ్యురేటర్ (పెట్రోల్‌నీ గాలినీ కలిపి ఇంజన్‌కి పంపే పాతకాలం భాగం) ఉన్న బండి, చోక్ లాగితే తప్ప పొద్దున్నే స్టార్ట్ అవ్వదు, పవర్ స్టీరింగ్ లేదు, ఏసీ లేదు. పట్నం వదిలేసి పల్లెకి వచ్చినప్పుడు దాన్ని కూడా వెంట తెచ్చుకున్నా. కాబట్టి ఈ గుమ్మడికాయల దొంగ నేనే, భుజాలు తడుముకుంటూనే రాస్తున్నా.

మొదట్లో ఎవరైనా అడిగితే నా దగ్గర ఒక రెడీమేడ్ జవాబు ఉండేది. కొత్త కారు తయారవ్వాలంటే ఇనుము కరగాలి, అల్యూమినియం కరగాలి, ప్లాస్టిక్ కావాలి, ఓడల మీద రావాలి, నా కారు ఎప్పుడో తయారైపోయింది కదా, దాని పాపం ఎప్పుడో తీరిపోయింది, కాబట్టి నేనే అందరికన్నా పచ్చటి మనిషిని అని తెగ చెప్పేవాడిని. వినడానికి బాగుంటుంది. పాత బండ్ల వాళ్ళు పదిమంది కలిస్తే కనీసం ఆరుగురు ఇదే చెప్తారు, మిగతా నలుగురు తలూపుతారు.

తర్వాత ఓసారి కూర్చుని నిజంగా లెక్క వేశా. డాష్‌బోర్డ్ అరలో ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని పెట్రోల్ కొట్టించినప్పుడల్లా లీటర్లు, కిలోమీటర్లు రాయడం నాకు అలవాటు. లీటరుకి 10 వస్తోంది. ఒక లీటర్ పెట్రోల్ కాలితే దాదాపు 2.3 కేజీల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది (లీటరు పెట్రోల్ బరువు ముప్పావు కేజీయే కదా, రెండు కేజీల పైన ఎలా వస్తుంది అని నాకూ డౌటొచ్చింది, గాల్లోంచి ఆక్సిజన్ వచ్చి కలుస్తుంది, అదీ సంగతి). అప్పట్లో నేను రోజూ పనికి దీన్లోనే వెళ్ళేవాడిని, రానూపోనూ 40 కిలోమీటర్లు, ఏడాదికి 12,000. అంటే 1,200 లీటర్లు, 2,760 కేజీలు. అదే దూరం లీటరుకి 20 ఇచ్చే కొత్త కారైతే అందులో సగమే. కారు తయారీకి దాని సైజుని బట్టి 5 నుంచి 10 టన్నుల దాకా వేస్తారు, 6 అనుకుందాం. ఏడాదికి 1.38 టన్నులు మిగులుతుంటే నాలుగున్నర ఏళ్ళలోపే కొత్త కారు తన తయారీ అప్పు తీర్చేసి నాకన్నా ముందుకి వెళ్ళిపోతుంది. అంటే నా రెడీమేడ్ జవాబు ఉత్త డబ్బా.

కానీ అదే లెక్క ఏడాదికి 1,500 కిలోమీటర్లకి వేస్తే మొత్తం తారుమారు. అప్పుడు కొత్త కారు వల్ల మిగిలేది ఏడాదికి 170 కేజీల చిల్లర, ఆ 6 టన్నులు తీరడానికి 35 ఏళ్ళు పడుతుంది, అప్పటికి ఆ కొత్త కారూ పాతబండే అయిపోతుంది. అంటే పాపం కారు వయసులో లేదు, ఎంత తిప్పుతున్నాం అన్నదాన్లో ఉంది. పాత వాహనాల కోసం 1966 నుంచి నడుస్తున్న ఫీవా అనే అంతర్జాతీయ సమాఖ్య ఉంది, వాళ్ళ నిర్వచనం ప్రకారం చారిత్రక వాహనం అంటే కనీసం 30 ఏళ్ళది అయ్యుండాలి, రోజువారీ ప్రయాణానికి వాడకూడదు. ఆ రెండో షరతు చదివినప్పుడు వీళ్ళకెందుకు ఇంత చాదస్తం అనుకున్నా, నోట్‌బుక్ లెక్క చూశాక నోరు మూసుకున్నా. ఇప్పుడు పనికి బస్సు దొరికినప్పుడు బస్సు, దొరకనప్పుడు ఇంకొకరి కార్లో పక్క సీటు. పల్లెలో బండి లేకపోతే కాళ్ళు లేనట్టే, అది పట్నం వాళ్ళకి ఓ పట్టాన అర్థం కాదు, రాత్రి ఎవరికైనా ఒంట్లో బాలేకపోతే బస్సు కోసం ఎదురుచూడలేం కదా. కాబట్టి బండి వద్దు అనను. రోజూ వద్దు అంటున్నా.

ఇదంతా కార్బన్ డయాక్సైడ్ లెక్క మాత్రమే అని కూడా ఒప్పుకోవాలి. పొగ గొట్టంలోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్, కాలని పెట్రోల్ ఆవిరి, నైట్రోజన్ ఆక్సైడ్ల విషయంలో నా బండి కొత్త వాటి దరిదాపుల్లోకి కూడా రాదు. కెటలిటిక్ కన్వర్టర్ (పొగ దారిలో ఉండి విషవాయువుల్ని శుద్ధి చేసే డబ్బా) వేడెక్కాక వాటిలో 90 శాతం పైగా మింగేస్తుంది, నా దానికి అసలు ఆ డబ్బానే లేదు. అందుకే పిల్లలు ఆడుకునే చోట ఇంజన్ ఆన్‌లో పెట్టి కబుర్లు చెప్పడం పూర్తిగా మానేశా.

సీసం కలిపిన పెట్రోల్ సంగతి అయితే ఇంకా ఘోరం. 1920ల్లో ఇంజన్ నాకింగ్ (లోపల పెట్రోల్ అదుపు తప్పి మండి టకటకమనడం) ఆపడానికని కలపడం మొదలుపెట్టారు, ప్రపంచంలో చివరి బంకులో అమ్మకం ఆగింది 2021 జులైలో, అల్జీరియాలో. వందేళ్ళపాటు ఆ సీసం రోడ్ల పక్క మట్టిలో, పిల్లల రక్తంలో చేరింది. అది చదివాక "ఆ రోజులే వేరు, అప్పటి బండ్లే బండ్లు" అనే మాట నా నోటికి మునుపంత తేలిగ్గా రావట్లేదు.

సరే, అసలు నాకు బుద్ధి వచ్చిన సంగతి వేరే ఉంది. పట్నంలో బండి సిమెంట్ సెల్లార్‌లో ఉండేది, కింద నూనె కారినా నల్లటి మరక, అంతే, ఎవరికి పట్టింది. ఇక్కడ చెట్టు కింద మట్టి మీద పెట్టా. మొదటి వర్షాకాలం, రాత్రంతా వాన పడి పొద్దున తెరిపిచ్చింది, పక్కింటి పెద్దాయన గట్టు మీద నిలబడి "ఏరా అబ్బాయ్, నీ కారు రాత్రిళ్ళు పక్క తడుపుతున్నట్టుందే" అన్నాడు. నవ్వుతూ వెళ్ళి చూశా. బండి కింద నుంచి సన్నటి పాయ ఒకటి నీళ్ళతో పాటు పారుతోంది, దాని మీద నీలం, ఊదా, పసుపు రంగుల పొర, నెమలి పింఛం లాగా మెరుస్తోంది, చూడ్డానికి భలే అందంగా ఉంది. ఆ పాయ వెంటే నడుచుకుంటూ వెళ్తే కంచె దాటి, ఆయన మడి పక్క కాలవలో కలిసింది. ఆయన ఇంకో మాట అనలేదు. అనుంటే బాగుండేది.

ఆ రోజు నుంచి బండి కింద ఎప్పుడూ ఒక పెద్ద అట్టముక్క పరిచి ఉంటుంది. ఇది నేను అందరికీ చెప్పే మొదటి సలహా, ఖర్చు లేదు, పైగా అట్ట మీద చుక్క ఎక్కడ పడిందో చూస్తే బండికి ఏ జబ్బో తెలిసిపోతుంది. నల్లగా ముందువైపు పడితే ఇంజన్ ఆయిల్, ఎక్కువసార్లు ఇంజన్ పైనుండే ట్యాపెట్ కవర్ ప్యాకింగో, కింద ఆయిల్ నిలిచే సంప్ ప్యాకింగో పోయుంటుంది. చిక్కగా, ఘాటు వాసనతో మధ్యలో పడితే గేర్ ఆయిల్. చక్రం దగ్గర పల్చగా జారుడుగా ఉంటే బ్రేక్ ఆయిల్, అప్పుడు ఇక పర్యావరణం సంగతి తర్వాత, ముందు మీ ప్రాణం చూసుకోండి. రంగు నీళ్ళలా ఉంటే కూలెంట్, అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ నాకేస్తాయి, కొంచెమైనా చచ్చిపోతాయి. పల్లెలో ఇది చిన్న విషయం కాదు, నీళ్ళు కనపడితే మూతి పెట్టే ప్రాణులు చుట్టూ ఎన్నో ఉంటాయి.

మార్చిన పాత ఆయిల్ కూడా అంతే. కంచె మొదట్లో పోస్తే చెదలు రావని, కలుపు చస్తుందని పోసేవాళ్ళని చూశా (నేనూ ఒకసారి పోశా, దాచడం ఎందుకు). అందులో అరిగిన లోహాల పొడి, కాలిన మసి అన్నీ ఉంటాయి, మట్టిలో దిగితే నీటి దాకా పోతుంది. క్యాన్‌లో పట్టి, మూత గట్టిగా బిగించి, పాత ఆయిల్ తీసుకునే చోట ఇచ్చేయండి. బ్యాటరీ కూడా అంతే.

ఇంకోటి, ట్యూనింగ్. ఓ రెండు నెలలు బండి వాడకుండా వదిలేసి తీస్తే వెనక నల్లటి పొగ, మైలేజీ 10 నుంచి 7కి పడిపోయింది, స్లోలో నిలవట్లేదు. ప్లగ్గులు విప్పితే మసిబొగ్గుల్లా ఉన్నాయి, అంటే పెట్రోల్ ఎక్కువ, గాలి తక్కువ. నేను మహా నిపుణుడిలాగా కార్బ్యురేటర్ మిక్చర్ స్క్రూ పట్టుకుని రెండు ఆదివారాలు తిప్పుతూ కూర్చున్నా, అటు తిప్పినా ఇటు తిప్పినా అదే పొగ. చివరికి విసుగొచ్చి ఎయిర్ క్లీనర్ మూత తీస్తే లోపల గడ్డి, పత్తి, సీటు కింది స్పాంజి ముక్కలు, మధ్యలో గుండ్రంగా ఒక మెత్తటి గిన్నెలాంటి గూడు! ఎలుక సంసారం పెట్టేసింది. పాపం ఆ టైంకి ఇంట్లో లేదు. బండికి ఊపిరాడకుండా చేసి నేను స్క్రూలు తిప్పుకుంటున్నా అన్నమాట. గూడు తీసి, ప్లగ్గులు తోమి, పాయింట్ల (ప్లగ్గుకి నిప్పురవ్వ సమయానికి అందించే స్విచ్చు) గ్యాప్‌ని ఫీలర్ గేజ్ అనే సన్నటి కొలత రేకులతో సరిచేసి, మళ్ళీ మొదట్నుంచీ మిక్చర్ సెట్ చేస్తే ప్లగ్గు కొసలు లేత గోధుమరంగుకి వచ్చాయి. అదే సరైన రంగు, తెల్లగా ఉన్నా తప్పే. పొగ పోయింది, 10 తిరిగొచ్చింది. ఒకే బండి, ఒకే మనిషి, అప్పుడూ ఇప్పుడూ గాల్లోకి వదిలేదాన్లో ఎంత తేడా చూడండి.

ఇథనాల్ కలిపిన పెట్రోల్ వచ్చాక పాత రబ్బరు గొట్టాలు గట్టిపడి పగులుతాయి, బండి దగ్గర ఊరికే పెట్రోల్ వాసన వస్తుంటే వెంటనే మార్చెయ్యండి, అది ఆవిరయ్యేదీ మన గాల్లోకే, అంటుకునేదీ మన బండే. బ్రేక్ డ్రమ్ములు విప్పినప్పుడు గాలి కొట్టకండి, పాత లైనింగుల్లో ఊపిరితిత్తుల్ని పాడుచేసే ఆస్‌బెస్టాస్ పీచు ఉండొచ్చు, తడిగుడ్డతో తుడవండి.

ఇంత చెప్పాక మరి ఎందుకు ఉంచుకున్నావయ్యా అంటే, నిజం చెప్తే మోజే. కానీ ఈ పాత బండ్లకీ పల్లెకీ ఒక చుట్టరికం ఉందని నా నమ్మకం. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీని అమెరికా రైతులు వెనక చక్రం జాకీ మీద లేపి, బెల్టు తగిలించి రంపాలు తిప్పుకున్నారు. 1948లో పారిస్ ప్రదర్శనలో పెట్టిన సిట్రోయెన్ 2సీవీని అసలు తలపెట్టిందే రైతుల కోసం, దున్నిన చేలో గుడ్ల బుట్ట పెట్టుకుని పోయినా ఒక్క గుడ్డు పగలకూడదు, వంద కిలోమీటర్లకి 3 లీటర్లే తాగాలి అన్నది దాని తయారీకి పెట్టిన షరతు. బరువు తక్కువ, ఇంజన్ చిన్నది, రెండు పానాలు ఒక స్క్రూ డ్రైవర్‌తో పొలం గట్టు మీదే బాగుచేసుకోవచ్చు. ఇవాళ రెండున్నర టన్నుల బండి తయారుచేసి దానికి పచ్చటి ఆకు బొమ్మ అంటించి అమ్ముతుంటే నాకు ఆ గుడ్ల బుట్టే గుర్తొస్తుంది. పొగ విషయంలో కొత్తవాళ్ళ నుంచి మనం నేర్చుకోవాలి సరే, బరువు విషయంలో మాత్రం వాళ్ళే పాతవాళ్ళ దగ్గరికి రావాలి.

ప్రస్తుతానికి నాది నెలకి రెండు మూడుసార్లు బయటికి తీస్తా, ఇంజన్ పూర్తిగా వేడెక్కేంత దూరం తిప్పుతా (స్టార్ట్ చేసి అయిదు నిమిషాల్లో ఆపేస్తే ఆయిల్లో తేమ మిగిలిపోతుంది, దానికన్నా తియ్యకపోవడమే నయం). పెద్దాయన ఇప్పుడు అప్పుడప్పుడూ ముందు సీట్లో ఎక్కుతాడు, అద్దం దింపుకుని, మోచెయ్యి బయటపెట్టి. ఎక్కేముందు మాత్రం వంగి అట్టముక్క వైపు ఒకసారి చూస్తాడు. నిన్న ఒకటే చుక్క ఉంది, గేర్ బాక్స్ వైపు. ఆదివారం కిందికి దూరి చూడాలి.