Re: నాన్నకి బ్రూసెల్లోసిస్ తిరగబెట్టిందా?

అన్నా, ఉదయగిరి వైపు గొర్రెలు మేపే నాన్నగారికి బ్రూసెల్లోసిస్‌కి (పశువుల నుంచి మనుషులకి అంటుకునే క్రిమి జబ్బు) ఆరు వారాల మందుల కోర్సు అయిన రెండు నెలలకి సాయంత్రం జ్వరం, నడుంనొప్పి మళ్లీ వచ్చాయన్నారు కదా, ఇది తిరగబెట్టడమే అయ్యుండొచ్చు, ఈ జబ్బు తిరగబెడితే ఎక్కువగా ఆరునెల్ల లోపే. మందు పనిచేయలేదని భయపడొద్దు, ఎక్కువ మందికి మళ్లీ అవే మందులతో తగ్గుద్ది.

నాకు అనుమానమల్లా నడుంనొప్పి మీదే. క్రిమి వెన్నెముకలో కూర్చుంటే ఆరు వారాలు చాలవు, కనీసం మూడు నెలలు వాడతారు, అందుకే ముందు నడుముకి ఎమ్మారై తీయించండి. జ్వరం తగ్గిందని మధ్యలో మానేసినా, ఒక్క రకం మందే వాడినా తిరగబెడుతుంది. డాక్సీసైక్లిన్‌తో పాటు రిఫాంపిసిన్ బిళ్లలు వాడినోళ్లకంటే, డాక్సీసైక్లిన్‌తో పాటు స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు చేయించుకున్నోళ్లలో తిరగబెట్టడం తక్కువ, కిడ్నీలు, వినికిడి చూసి డాక్టరుగారే చెప్పాలి. డాక్సీ పాలతో, గ్యాస్ మందుతో కలిపి వేసుకుంటున్నారేమో కూడా అడగండి, ఒంటికి సరిగా పట్టదు.

రక్తంలో యాంటీబాడీలు (క్రిమితో పోరాడటానికి ఒళ్లు తయారుచేసుకునేవి) జబ్బు తగ్గినా నెలల తరబడి ఉంటాయి కాబట్టి యాంటీబాడీ పరీక్ష ఒక్క రిపోర్టుతో తేల్చొద్దు, బ్లడ్ కల్చర్ (రక్తంలోని క్రిమిని ల్యాబులో పెంచి చూసే పరీక్ష) అడగండి, బ్రూసెల్లా అనుమానమని ల్యాబు వాళ్లకి తప్పకుండా చెప్పండి, వాళ్లకీ అంటుకునే ప్రమాదం ఉంది.

ఇంకోటి, మందలో గొర్రెలేమైనా ఈసుకుపోయాయా, అంటే కడుపు పోయిందా? ఉత్త చేతుల్తో మాయ తీసుంటే కొత్తగానే అంటుకొని ఉండొచ్చు. పశువుల డాక్టరు చేత మందకి రక్తపరీక్ష చేయించండి, ఈలోపు నాన్నగార్ని ఈతల దగ్గరికి పోనీయొద్దు. కాళ్లు తిమ్మిరెక్కినా, మూత్రం బిగపట్టినా ఆలస్యం చేయకుండా నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకుపోండి.