పొద్దున తొలి అడుగులోనే మడమ నొప్పి

ప్రశ్న: నా వయసు 45. ఏనుమాముల మార్కెట్‌లో రోజంతా సిమెంటు నేలపై నిలబడి పనిచేస్తాను. 3 నెలలుగా పొద్దున మంచం దిగి అడుగు వేయగానే మడమలో సూదులు గుచ్చినట్లుంటోంది. ఎక్స్‌రేలో ఎముక పెరిగిందన్నారు. ఆపరేషన్ తప్పదా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: భయపడకండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఇది చాలావరకు ప్లాంటార్ ఫేషియైటిస్, అంటే మడమ నుంచి వేళ్ల మొదళ్ల దాకా పాదం అడుగున ఉండే దళసరి పట్టీ ఒత్తిడికి దెబ్బతినడం. రాత్రంతా బిగుసుకున్న ఆ పట్టీ తొలి అడుగుకు ఒక్కసారిగా సాగడం వల్లే పొద్దున నొప్పి ఎక్కువ. పెరిగిన ఎముక ఏ నొప్పీ లేనివారిలోనూ కనిపిస్తుంది కనుక, దాని కోసం ఆపరేషన్‌కు తొందరపడవద్దని గట్టిగా చెబుతున్నాను. మంచం దిగకముందే కాలి వేళ్లను మీవైపు లాగి 30 సెకన్లు పట్టి ఉంచండి. పనిలో మెత్తని అడుగున్న చెప్పులు వేసుకోండి. తగ్గడానికి నెలలు పట్టవచ్చు. తిమ్మిరి, వాపు, జ్వరం ఉన్నా, షుగర్ ఉన్నా ఆలస్యం చేయక ఎముకల డాక్టరుకు చూపించుకోండి.