టెక్ సందేహాలు: పినియన్‌కు నాలుగు పళ్లు పెంచితే వేగంతోపాటు వేడీ వస్తుంది

ఈసారి ప్రశ్నలన్నీ రిమోట్ కార్ల వేగం గురించే. బ్యాటరీ ఎంచుకోవడం దగ్గర్నుంచి కారు గాల్లోకి లేచిపోవడం దాకా ఉన్నాయి.

ప్రశ్న: నా 1/10 స్కేల్ ట్రక్కులో 27 టర్న్ (27 చుట్ల తీగ) బ్రష్డ్ మోటారు, 7.2 వోల్టుల నికెల్ బ్యాటరీ ఉన్నాయి. ఆ బ్యాటరీ తీసేసి 2ఎస్ లైపో (రెండు సెల్‌ల లిథియం పాలిమర్ బ్యాటరీ) పెడితే వేగం పెరుగుతుందా? మోటారు కాలిపోదు కదా?

పెరుగుతుంది. 7.2కీ 7.4కీ తేడా ఏముందనిపిస్తుంది కానీ, ట్రిగ్గర్ పూర్తిగా నొక్కినప్పుడు చూడాలి. నికెల్ ప్యాక్ వోల్టేజి చప్పున కిందికి జారుతుంది, లైపో నిలబడుతుంది. పైగా పూర్తిగా ఛార్జ్ చేసిన 2ఎస్ లైపోలో 8.4 వోల్టులుంటాయి. 27 టర్న్ మోటారు దీన్ని తట్టుకుంటుంది. 3ఎస్ జోలికి మాత్రం వెళ్లొద్దు. బ్రష్‌ల దగ్గర నిప్పురవ్వలు ఎక్కువై, అవి తాకే కమ్యుటేటర్ మాడిపోతుంది.

పెట్టే ముందు ఈఎస్‌సీలో (మోటారు వేగాన్ని నియంత్రించే ఎలక్ట్రానిక్ పరికరం) లైపో మోడ్ ఉందో లేదో చూడండి. ఆ మోడ్‌లో ఉంటే ఒక్కో సెల్ 3.2 వోల్టుల దగ్గరికి రాగానే పవర్ తగ్గించేస్తుంది. నికెల్ మోడ్‌లోనే వదిలేస్తే సెల్ 3 వోల్టుల కిందికి పడిపోయి, ప్యాక్ ఉబ్బి పనికిరాకుండా పోతుంది. మీ ఈఎస్‌సీలో ఆ సదుపాయం లేకపోతే బ్యాలెన్స్ ప్లగ్‌కు తగిలించే చిన్న బజర్ దొరుకుతుంది. దాన్ని 3.5 వోల్టులకు సెట్ చేసి, మోగగానే ఆపేయండి.

పాత ఛార్జర్‌తో లైపోను ఛార్జ్ చేయకండి. సెల్‌లన్నిటినీ సమంగా నింపే బ్యాలెన్స్ ఛార్జరే కావాలి. 5000 ఎంఏహెచ్ ప్యాక్‌కు 5 ఆంపియర్లు పెడితే చాలు. పాత తెల్లటి ప్లాస్టిక్ ప్లగ్ ఎక్కువ కరెంటుకు వేడెక్కి కరుగుతుంది, ఎక్స్‌టీ60 కనెక్టర్ వేసుకోండి. టంకం పెట్టేటప్పుడు బ్యాటరీ వైర్లు రెండూ ఒకేసారి కత్తిరించొద్దు. ఒకటి కత్తిరించి, అతికించి, ఇన్సులేషన్ ట్యూబు ఎక్కించాకే రెండోది. కత్తెర రెండు వైర్లనూ కలిపిందంటే మంటే.

అన్నట్టు, చౌక కిట్లలో చక్రాల దగ్గర బేరింగ్‌ల బదులు ప్లాస్టిక్ బుష్‌లుంటాయి. బాల్ బేరింగ్‌లు వేస్తే వేడి పెరగకుండానే కొంత వేగం కలిసొస్తుంది. అందరూ దీన్ని ఆఖర్న చేస్తారు, ముందు చేయాల్సింది ఇదే.

ప్రశ్న: 3300 కేవీ బ్రష్‌లెస్ మోటారు, 3ఎస్ లైపో వాడుతున్నాను. స్పర్ గేర్‌కు (మోటారు తిప్పే పెద్ద గేరు) 54 పళ్లు, గేర్‌బాక్స్ లోపలి నిష్పత్తి 2.8, టైరు వ్యాసం 100 మి.మీ. 100 కి.మీ. వేగం కోసం పినియన్‌ను (మోటారు షాఫ్ట్ మీది చిన్న గేరు) 18 నుంచి 22 పళ్లకు మార్చాను. నాలుగు నిమిషాలకే కారు ఆగిపోతోంది. ఎందుకు?

మీ లెక్క తప్పు కాదు. కేవీ అంటే ఒక్కో వోల్టుకు మోటారు నిమిషానికి తిరిగే చుట్లు, కాబట్టి 3300ను 3ఎస్ వోల్టేజి 11.1తో గుణిస్తే మోటారు నిమిషానికి 36,630 చుట్లు తిరగాలి. 18 పళ్లతో మొత్తం నిష్పత్తి (54/18 × 2.8) 8.4, చక్రానికి దాదాపు 4,360 చుట్లు. టైరు చుట్టుకొలత 0.314 మీటర్లు కాబట్టి గంటకు 82 కి.మీ. 22 పళ్లతో నిష్పత్తి 6.87కు దిగి 100 కి.మీ. వస్తుంది. కాకపోతే ఇదంతా లోడ్ లేనప్పటి మాట. నేల మీద ఇందులో నాలుగో వంతు దాకా కోసేసుకుని చూడండి.

చిక్కు ఇక్కడుంది. నిష్పత్తి తగ్గిందంటే చక్రాన్ని అంతే బలంతో తోయడానికి మోటారు 22 శాతం ఎక్కువ కరెంటు లాగాలి. వైండింగ్‌లో వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది కనుక అది దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. గాలి నిరోధం దీనికి అదనం. వేగం 22 శాతం పెరిగితే గాలిని చీల్చడానికి కావలసిన పవర్ దాదాపు 1.8 రెట్లు.

ఆగిపోయింది వేడికా, బ్యాటరీకా అన్నది ముందు తేల్చుకోండి. అయిదారు నిమిషాలు ఆరబెట్టాక, ఛార్జ్ చేయకుండానే మళ్లీ బాగా నడిచిందంటే ఈఎస్‌సీ వేడికి ఆగినట్టు. మెల్లగా పోతే బాగానే ఉండి, ట్రిగ్గర్ గట్టిగా నొక్కినప్పుడల్లా కుదుపులతో తగ్గిపోతుంటే బ్యాటరీ అంత కరెంటు ఇవ్వలేక వోల్టేజి జారి కటాఫ్ పడుతోంది. ప్యాక్ మీది సీ రేటింగ్‌ను (ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పే అంకె) పూర్తిగా నమ్మకండి, ఉదారంగా అచ్చేస్తారు.

మీరు మలుపులు, ఆగడాలు ఉన్నచోట నడుపుతుంటే 22 నప్పదు. 19 వేసి మూడు నిమిషాలు నడిపి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో మోటారు డబ్బా మీద చూడండి. 70 డిగ్రీల లోపుంటే ఇంకో పన్ను పెంచొచ్చు. 80 దాటితే వెనక్కి రండి. ఆ వేడి ఇంకా పెరిగితే రోటర్ అయస్కాంతం బలం కోల్పోతుంది, చల్లారినా తిరిగి రాదు. నేరుగా ఒక్క పరుగు తీయించి ఆరబెట్టే పనైతే 22తో నడుస్తుంది. ఫ్యాన్ పెట్టుకోండి, కాదనను. కానీ తప్పు గేరింగ్‌ను ఫ్యాన్ సరిచేయదు.

100 కి.మీ. నిజంగా కావాలంటే కేవీ తగ్గించి వోల్టులు పెంచే దారి మంచిది. 2500 కేవీ మోటారు 4ఎస్ మీద 37,000 చుట్లు తిరుగుతుంది, ఇంచుమించు మీ ఇప్పటి లెక్కే. కానీ అదే పవర్‌కు కరెంటు నాలుగో వంతు తగ్గుతుంది. ఆ పొదుపును గేరింగ్ మీద ఖర్చు పెట్టుకోవచ్చు. ఈఎస్‌సీ మీద 4ఎస్ అని రాసుంటేనే సుమా.

పినియన్ మార్చాక మెష్ (రెండు గేర్ల పళ్లు కలిసే తీరు) సరిగ్గా పెట్టడం మరవద్దు. రెండు గేర్ల మధ్య సన్నటి కాగితం పట్టీ పెట్టి, మోటారును నొక్కి బిగించి, కాగితం తిప్పి తీసేయండి. స్పర్‌ను ఒక పూర్తి చుట్టు తిప్పుతూ అంతటా పళ్ల మధ్య కాస్త కదలిక ఉందో చూడండి. గేర్లు కీచుమంటే బిగువెక్కువ, కటకటమంటే వదులు. పినియన్‌ను పట్టి ఉంచే గ్రబ్ స్క్రూను షాఫ్ట్ చదును వైపే బిగించి నీలం థ్రెడ్‌లాక్ (స్క్రూ వదులవకుండా ఆపే జిగురు) ఒక చుక్క వేయండి.

ప్రశ్న: నా ఫోర్ వీల్ డ్రైవ్ కారు 80 దాటగానే ముందు టైర్లు పళ్లెంలా సాగుతున్నాయి. రెండుసార్లు ముక్కు లేచి పల్టీ కొట్టింది.

రెండూ ఒకే జబ్బుకు లక్షణాలు. బాడీ కిందికి గాలి దూరి ముందు భాగాన్ని ఎత్తుతోంది. ముందు చక్రాల మీద బరువు తగ్గగానే సెంటర్ డిఫరెన్షియల్ (ముందు, వెనక చక్రాలకు పవర్ పంచే గేర్లు) పవరంతా అటే పంపిస్తుంది. అవి అదుపు లేకుండా తిరిగి సాగిపోతాయి. 100 మి.మీ. టైరు 100 కి.మీ. వేగంతో తిరిగేటప్పుడు ట్రెడ్‌లోని ప్రతి గ్రాము రబ్బరు ఒకటిన్నర కిలోల బరువులా బయటికి లాగుతుంది!

మొదట టైర్లు మార్చండి. లోపల గుడ్డ పట్టీ ఉండే బెల్టెడ్ టైర్లు సాగవు. రిమ్‌కు అంటించిన జిగురు ఎక్కడైనా ఊడిందేమో వేలితో నొక్కి చూడండి. సెంటర్ డిఫ్‌లో 1 లక్ష సీఎస్‌టీ (చిక్కదనం కొలమానం) లేదా అంతకంటే చిక్కటి సిలికాన్ ఆయిల్ పోయండి. కారును కిందికి దించి, ముందు భాగం వెనక కంటే 2, 3 మి.మీ. తక్కువగా ఉండేలా సర్దండి. బంపర్‌కూ బాడీకీ మధ్య సందును టేపుతో మూసేయండి. వెనక చక్రాల వెనకున్న బాడీ భాగం పారాచూట్‌లా గాలి పట్టేస్తుంది, అక్కడ రంధ్రాలు కోయండి. బ్యాటరీని ముందుకు జరిపే వీలుంటే జరపండి.

ప్రశ్న: వేగం కొలవడానికి ఫోన్ కట్టి నడపొచ్చా?

వద్దు. బరువు, పడితే ఫోన్ పగులుతుంది. చిన్న జీపీఎస్ లాగర్‌ను బాడీ కింద టేపుతో అతికించండి. పాలికార్బనేట్ బాడీ సిగ్నల్‌ను ఆపదు. ఉపగ్రహాలు దొరికేదాకా ఆరుబయట కదపకుండా ఉంచండి. పల్టీ కొట్టిన క్షణంలో ఒక్కసారి కనిపించే పెద్ద అంకెను లెక్కలోకి తీసుకోకండి.

దానికంటే ముఖ్యం ఫెయిల్‌సేఫ్, అంటే రిమోట్ సిగ్నల్ తెగితే కారు దానంతటదే ఆగే ఏర్పాటు. మనుషులు లేని ఖాళీ మైదానంలోనే నడపండి. వెళ్లిన ప్రతిసారీ కారును స్టాండ్ మీద పెట్టి, సగం థ్రాటిల్ ఇచ్చి రిమోట్ ఆపేయండి. చక్రాలు వెంటనే ఆగాలి. ఆగకపోతే థ్రాటిల్ న్యూట్రల్‌లో ఉంచి రిసీవర్‌ను మళ్లీ బైండ్ చేసి (రిమోట్‌తో జత చేసి), ఇదే పరీక్ష మళ్లీ చేశాకే కారును నేల మీద పెట్టండి.